అగ్గిపెట్టెలో సాక్షి

శాంతవ్వ హోటల్లో లాంతరు వెలిగించగానే అందరికంటే ముందు వచ్చిన అతిథికి నాలుగు రెక్కలున్నాయి.

వికారాబాద్ స్టేషన్ ముందర రేకుల కప్పు వేసిన చిన్న హోటలది. వరండాలో పీట మీద కూర్చుని జొన్నరొట్టె తుంచుతున్న డిటెక్టివ్ సుధాకర్ తలెత్తి చూశాడు. సన్నని పొడుగాటి ఒళ్ళు, వల అల్లినట్టున్న రెక్కలు. పెళ్ళిలో కల్లు ఎక్కువైన మేనమామలా తూలుకుంటూ వచ్చి లాంతరు గాజుకు ఢీకొట్టి, పక్క గోడ మీద చతికిలబడింది.

"మీ ఊళ్ళె తూనీగలు రాత్రి డ్యూటీ గూడ చేస్తయా ఏంది, శాంతవ్వా?"

అని తనే పకపకా నవ్వాడు సుధాకర్. ఆయన తీరే అంత. ఎదుటివాళ్ళు నవ్వినా నవ్వకపోయినా తన వంతు తను నవ్వేసుకుంటాడు. పట్నంలో ఒక దొంగకు బేడీలు వేసి, "జర నీ చేతి గడియారంల టైమెంతైందో చూసి చెప్పు" అన్న మనిషి.

శాంతవ్వ నవ్వలేదు. నిన్నటి నుంచి ఆమె నవ్వడమే లేదు. పప్పు పోస్తుంది, పోతుంది. తాండూరు బజారులో జరిగిన ముచ్చట సుధాకర్ కంటే ముందే బండెక్కి ఇక్కడికి చేరింది మరి.

సుధాకర్ నవ్వు సగంలోనే ఆపి, ఆ పురుగును మళ్ళీ చూశాడు.

తూనీగ రాత్రి డ్యూటీ చేయడమేమిటి? పొద్దు వాలితే ఏ గడ్డిపోచకో అతుక్కుని పడుకునే జీవి అది.

చెయ్యి కడుక్కోకుండానే జేబులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచాడు. లోపల పత్తి మీద ఎండిన పురుగు. తాండూరు కేసులో ఆయన పట్టిన ఒకే ఒక్క సాక్షి.

కేసు సంగతి ఇది. తాండూరు రాతిగనిలో మందు కొట్టు తాళం పగిలింది. రాళ్ళు పేల్చే తూటాల పెట్టె మాయమైంది. కావలి ఉన్న జంగప్ప తల పగిలి, వికారాబాద్ ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు; అతను కళ్ళు తెరుస్తాడేమోనని సుధాకర్ ఇక్కడే ఆగాడు. జంగప్ప కూలిన చోట ఆరిపోయిన గ్యాసు లైటు దొరికింది. పెళ్ళిళ్ళకూ ఊరేగింపులకూ లైట్లు కిరాయికిచ్చే మత్తయ్యది ఆ లైటు. గని మేస్త్రీ బిచ్చయ్యకు కిరాయికిచ్చాను, తిరిగి రాలేదు అన్నాడు మత్తయ్య. వెలిగించనైనా లేదు, సాయంత్రమే వాగు ఒడ్డున వాళ్ళింట్లో ఇచ్చేశాను అన్నాడు బిచ్చయ్య. ఇద్దరిలో ఒకడిది అబద్ధం.

గని సొంతదారు మొగులప్ప పిలిపిస్తే పట్నం నుంచి దిగిన సుధాకర్, లైటు అడుగు పళ్ళెంలో ఈ రెక్కల పురుగును చూశాడు. బజారు నడిమధ్య నిలబడి దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. "ఇగో సాక్షి! ఇది తూనీగ. తూనీగ నీళ్ళ కాడ ఉంటది. కాగ్నా వాగు ఒడ్డుకు ఇల్లున్నది ఎవరికి? మత్తయ్యకు! లైటు ఆ రాత్రి ఎలిగింది ఆయన ఇంట్లనే!"

అక్కడితో ఆగినా బాగుండేది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు వింటే సుధాకర్ నాలుక ఆగదు. "మత్తయ్యా, ఊరందరి పెండ్లిళ్ళకు దీపాలు మోపిస్తివి. ఇయ్యాల ఊరేగింపు నీది. దీపం గూడ నువ్వే మోసుకో!"

బజారు బజారంతా విరగబడి నవ్వింది. ఎస్సై బాల్‌రాజ్ ఆ పరాచికాన్ని హుకుం కింద తీసుకున్నాడు. గ్యాసు లైటు నిజంగానే మత్తయ్య నెత్తిన పెట్టించి ఠాణా దాకా నడిపించాడు. వెనకాల అతని భార్య రాహేలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నడిచింది.

ఇప్పుడు సుధాకర్ అగ్గిపెట్టెను గోడకు ఆనించి, చచ్చిన పురుగునూ బతికిన పురుగునూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే జాతి. తూనీగ వాలితే రెక్కలు బార్లా చాపుకుంటుంది. ఇది గుడిసె కప్పులా ఒంటి మీదికి వాల్చుకుంది. తూనీగ మీసాలు కంటికి ఆనవు. దీనికి కొసన గుండు తిరిగిన పొట్టి మీసాలు ఠీవిగా ఉన్నాయి.

తూనీగ కాదు. మరేమిటిది?

లాంతరు తీసుకుని వరండా అంతా తిరిగాడు. చివర చూరు కింద, ఏ వానా తడపని మెత్తటి దుమ్ములో చిన్న చిన్న గరాటు గుంతలు. చిన్నప్పుడు వాటితో ఆడుకోనిదెవరు? గుంతలో చీమను వేస్తే అడుగున దాగిన పురుగు దుమ్ము ఎగజిమ్మి లాక్కుంటుంది. అరచేతిలో పెట్టుకుంటే వెనక్కే నడుస్తుంది. ఆ గుంతల మధ్య శనగగింజంత దుమ్ము ఉండ ఒకటి పగిలి ఉంది. అందులోంచి పల్చటి పొర ఒకటి బయటికి వేలాడుతోంది. దానికి జానెడు పైన, గోడను పట్టుకుని, ముడతలు పడ్డ రెక్కలు మెల్లగా విప్పుకుంటోంది ఇంకో పురుగు.

సుధాకర్ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కంచంలో రొట్టె ఎండింది. పప్పు చల్లారింది. పురుగు రెక్కలు సాగి, ఆరి, నిగ్గుదేలాయి. అది లేచి, తూలుతూ, సరాసరి లాంతరు దగ్గరికే వచ్చింది.

"శాంతవ్వా, ఇది నీళ్ళ పురుగు కాదు. దుమ్ముల గుంత తోడే పురుగుకు రెక్కలొస్తే గిట్లైతది. తడి ఉన్న కాడ ఇది పుట్టనే పుట్టదు."

"అయితే?"

"అయితే మత్తయ్య అబద్ధమాడలే."

శాంతవ్వ ఎంగిలి కంచం తీసింది. "గా ముచ్చట నాకెందుకు చెప్తవు కొడుకా? మొదటి ముచ్చట బజార్ల చెప్పినవు గద."

సుధాకర్ అగ్గిపెట్టె మూసి జేబులో వేసుకున్నాడు.

* * *

మర్నాడు పొద్దున బండికి తాండూరులో దిగాడు.

ఠాణాలో కటకటాల వెనక మత్తయ్య కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ముందు పెట్టిన అన్నం ముద్ద గట్టిపడిపోయింది. సుధాకర్ నాలుక మీదికి అలవాటుగా ఏదో చమత్కారం రాబోయింది. మింగేశాడు.

"మత్తయ్యా, ఒక్క మాట అడుగుత."

"అడుగుండ్రి సారూ. ఈడ జనం గిట్ల లేరు, మీకు మజా రాదేమో."

సుధాకర్ తల వంచుకుని నేల మీదే కూర్చున్నాడు. "లైటు కిరాయికిచ్చే ముందు నువ్వేం జేస్తవు?"

"ఏం జేస్త? గాజు తుడుస్త. అడుగు పళ్ళెం బోర్లిచ్చి కాలిన పురుగులన్ని దులుపుత. కొత్త మాంటిలు గుడ్డ కడ్త. పెండ్లోళ్ళ ముంగట నిన్నటి పురుగులు రాలితే నా అంగడి పరువు పోదా?"

పరువు అన్న మాట నోట్లోంచి జారాక మత్తయ్య ఆగిపోయాడు. సుధాకర్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"బిచ్చయ్యకు ఇచ్చినప్పుడు గూడ దులిపినవా?"

"ఎవ్వరికిచ్చినా అంతే."

"అంటే పళ్ళెంల ఉన్న పురుగు బిచ్చయ్య తీస్కపోయినంకనే పడ్డది. ఆయన యాడికి తీస్కపోయిండు?"

"వికారాబాద్‌కు. ఆడ ఆయన గోదాంల బండలు ఎక్కిచ్చేదుండె. గీ మాట నేను బజార్ల గూడ చెప్పిన సారూ. మీరు నవ్వుతుండిరి, ఇనపడలే."

"మీ ఇల్లు..."

"లైటు ఇయ్యకముందే వాగు ఇంట్లకొచ్చె. ఇయ్యాల్టిదాంక నేల ఆరలే. కాలు పెడితే జారుతది."

ఇంకేం అడగాలి? తడి ఆరని ఇంట్లో దుమ్ము గుంతల పురుగు ఎట్లా పుడుతుంది? ఒక్క ప్రశ్న బజారులో అడిగి ఉంటే సరిపోయేది.

"బువ్వ ఎందుకు ముట్టలే మత్తయ్యా?"

మత్తయ్య వేలితో కిటికీ చూపించాడు. దూరంగా వాగు ఒడ్డున ఒక కవేలి పెంకుల కప్పు కనిపిస్తోంది. "అదే మా ఇల్లు. మొన్నటి సంది కప్పు మీద పొగ లేస్తలేదు. రాహేలు తలుపు బిగించుకున్నది. నీళ్ళకు గూడ బయటికి రాదట, నవ్వుతరని. ఆమె పొయ్యి ముట్టిస్తే, ఆ పొగ సూసి నేను తింట."

వెనక నుంచి లాఠీతో బల్ల మీద కొట్టిన చప్పుడైంది.

"ఏం డిటెక్టివ్ సాబ్! నీ సాక్షి తూనీగ బయాన్ మార్చిందా?"

ఎస్సై బాల్‌రాజ్. వయసు తక్కువ, మీసం ఎక్కువ. రాష్ట్రం మారి ఏడాది దాటినా ఊళ్ళోవాళ్ళు నిజాం కాలపు అలవాటున అతన్ని అమీన్ సాబ్ అనే పిలుస్తారు. ఆ పిలుపుకు అతని మీసం ఇంకొంచెం లేస్తుంది. పట్నం డిటెక్టివ్ వచ్చి కేసు తేల్చాడన్న మాట అతనికి మొదటి నుంచీ గిట్టలేదు. ఇప్పుడు ఆ డిటెక్టివే తప్పయిందంటే గిట్టుతుందా అంటే, అదీ గిట్టలేదు.

సుధాకర్ అంతా చెప్పాడు. బాల్‌రాజ్ విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"దుమ్ము గనిల లేదా? మందు కొట్టు కాడ లైటు ముట్టిచ్చిండ్రు, పురుగు అక్కడ్నే పడ్డది. ఖతం."

"మందు కొట్టు దిక్కు పోయేటప్పుడు గనోళ్ళు బీడీ ఆర్పుతరు. రొంటిల అగ్గిపెట్టె ఉంటే గూడ తీసి దూరం పెడ్తరు. అసొంటి కాడ గ్యాసు లైటు ముట్టిచ్చేటోడు ఎవడు? అది ఆరిన లైటే అమీన్ సాబ్. మత్తయ్య మీదికి రావాల్నని తెచ్చి పడేసిండ్రు. అదీగాక ఆ దినమంత వాన. గనిల దుమ్మేడిది? బురదనాయె."

"మొన్న గట్ల జెప్తివి, ఇయ్యాల గిట్ల జెప్తివి. రేపు దోమను పట్టుకొస్తవా? ఊరంత సూస్తుండంగ నెత్తిన లైటు పెట్టి నడిపిచ్చిన. ఇప్పుడు ఇడిసిపెడితే ఎవరి మీద నవ్వుతరు?"

"నా మీద. నవ్వనియ్యి."

బాల్‌రాజ్ కాసేపు మీసం నిమిరాడు. "మంచిది. బిచ్చయ్య గోదాం సూద్దాం. ఆడేం దొరక్కపోతే మాత్రం నువ్వు అటే పట్నం బండెక్కాలె. మళ్ళ తాండూర్ల కనపడొద్దు."

"ఎక్కుత. గని ఒక్క మేలు జెయ్యి. రాత్రికి మత్తయ్యకు ఇంటి బువ్వ రానియ్యి."

బాల్‌రాజ్ ఎందుకో కాదనలేదు. కానిస్టేబుల్ హనుమంతును కేకేశాడు. "రాహేలమ్మకు చెప్పు. దీపాల యాళ్ళకు బువ్వ వండి తేవాల్నని. ఆ ఇంటి సోదా గూడ ఒకటి మిగిలింది, రేపు చూద్దాం. గా బిచ్చయ్య నిన్నటి సంది సోదా చెయ్యుండ్రి, సోదా చెయ్యుండ్రి అని నా పానం తీస్తుండు."

మత్తయ్య కిటికీ నుంచి తల తిప్పి మొదటిసారి సుధాకర్ మొహంలోకి చూశాడు. దండం పెట్టలేదు, తిట్టలేదు. ఊరికే చూశాడు. అదే చాలనిపించింది సుధాకర్‌కు.

* * *

బిచ్చయ్య గోదాం వికారాబాద్‌లో రైలు పట్టాల పక్కనే ఉంది. మూడు వైపుల గోడ, పైన రేకులు, లోపల నిలువుగా పేర్చిన తాండూరు బండలు. బిచ్చయ్య పాన్ నములుతూ ఎదురొచ్చాడు. నవ్వు మొహం, చేతికి వెండి కడియం.

"రాండ్రి అమీన్ సాబ్! రాండ్రి డిటెక్టివ్ సాబ్! చాయ్ తెప్పిస్త."

"చాయ్ తర్వాత. లైటు ఈడ ముట్టిచ్చినవా?" అన్నాడు సుధాకర్.

"లే సార్. పనే పడలే. ఎండ ఉండంగనే బండలు ఎక్కిచ్చుడు అయిపాయె. మళ్ళ బండికి తాండూరు పోయి మత్తయ్య చేతిల పెట్టిన."

"ఆ దినం ఎండ ఏడిది బిచ్చయ్యా? పొద్దంత వాన గద."

"అదే సార్, ఎండ అంటే... ఎలుతురు."

"పొద్దు కనపడని ఆకాశం, రేకుల కింద మూడు దిక్కుల గోడ. గా ఎలుతుర్ల బండ అంచు కనపడ్డదా?"

బిచ్చయ్య పాన్‌ను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకున్నాడు.

సుధాకర్ లోపలికి నడిచాడు. బండలు రాసుకుని రాలిన దుమ్ము పిండిలా మెత్తగా ఉంది. దాని నిండా గరాటు గుంతలే. అమ్మవారు పోసి తగ్గిన మొహంలా ఉంది నేల.

బాల్‌రాజ్ పగలబడి నవ్వాడు. "గీ గుంతలు సూడనీకి నన్ను బండెక్కిచ్చినవా? నీ పట్నం బండి టైమైతుంది సూసుకో!"

"గుంతలు లేని కాడ సూడు అమీన్ సాబ్."

వెనక మూలన రెండు బండల వరసల నడుమ, చిన్న మంచమంత జాగా నున్నగా ఉంది. ఒక్క గుంత లేదు. సుధాకర్ వంగి అక్కడి మట్టి పిడికిట్లోకి తీసి పిసికాడు. పక్కనున్న దుమ్ము వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే, ఇది ముద్దయి నిలిచింది.

"అంత దుమ్ముల గుంతలు తోడిన పురుగులు గీ మంచమంత జాగను ఎందుకు ఇడిసిపెట్టినయి? అడుగున ఉన్న తడి మట్టి పైకొచ్చింది గనుక. ఈ మధ్యన ఎవరో తవ్వి, పూడ్చి, సదును చేసిండ్రు."

బిచ్చయ్య దవడ ఆగిపోయింది.

బాల్‌రాజ్ ముందుకొచ్చాడు. గోడకు ఆనించి ఉన్న పార తనే తీసుకున్నాడు. మెల్లగా, భయంభయంగా మట్టి లాగాడు. మూరెడు లోతు కూడా పోకముందే చెక్క మూత కనిపించింది. దాని మీద ఎర్ర రంగుతో పుర్రె గుర్తు. బాల్‌రాజ్ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. టోపీ లేకపోతే అతను నిజంగానే చిన్నపిల్లవాడిలా ఉన్నాడు.

"జంగప్పను సంపాల్నని కొట్టలే సాబ్," బిచ్చయ్య నేల మీద కూలబడ్డాడు. "గాయన అరిచిండు. ఎన్నేండ్లని మొగులప్ప కింద మేస్త్రీ పని జేస్త? సొంతంగ ఒక గని తెరుద్దామనుకున్న. పరిమిట్ ఇయ్యరైరి, మందు ఏడికెళ్ళి తేవాలె?"

సుధాకర్ మూత ఎత్తి చూశాడు. కాగితం చుట్టిన తూటాలు బారులు తీరి ఉన్నాయి. ఒక మూల మాత్రం ఖాళీ.

"గీడ ఉన్నయి యాడ?"

బిచ్చయ్య చేతి కడియం తిప్పుకున్నాడు.

"బిచ్చయ్యా! గీడ ఉన్న తూటాలు యాడ?"

"మత్తయ్య ఇంట్ల."

సుధాకర్ మూత పక్కన పెట్టి బిచ్చయ్య భుజం పట్టుకున్నాడు.

"మీరు ఆయన నెత్తిన లైటు పెట్టిచ్చి నడిపిస్తిరి గద డిటెక్టివ్ సాబ్. ఆయమ్మ తలుపేసుకోకుంటనే ఎనకాల ఉరికింది. ఇల్లు బార్ల తెరిసి ఉండె, ఊరంత బజార్ల ఉండె. పొయ్యిల బూడిద కింద పెట్టి కప్పిన. కాపులు తొడిగినయే, అగ్గి తగిలితే పేలేటియి. పొయ్యి సల్లగుండె సాబ్, సోదా అప్పుడే జేస్తరనుకున్న. నిన్నటి సంది గదే చెప్తున్న, సోదా జెయ్యుండ్రని!"

ఇల్లు బార్లా తెరిపించింది తన పరాచికం. ఇవాళ పొయ్యి ముట్టించమని కబురంపింది తన జాలి. సుధాకర్ బయటికి చూశాడు. పట్టాల అవతల పొద్దు ఎర్రబడి చెట్ల కిందికి దిగుతోంది.

ఇద్దరూ ఒకేసారి స్టేషన్ వైపు పరుగెత్తారు.

* * *

స్టేషన్ మాస్టర్ ఫోను తాండూరు ఠాణాకు కలిసేసరికి ప్లాట్‌ఫారం మీద దీపాలు వెలిగిస్తున్నారు. బాల్‌రాజ్ రిసీవర్‌లోకి అరిచాడు. "హనుమంతూ! రాహేలమ్మ పొయ్యి ముట్టియ్యకముందే ఆ ఇంటికి ఉరుకు!"

"ఉరికితే ఏం ఫాయిదా సాబ్? పొద్దుగాల గూడ తలుపు తీయలే, కిటికీల నుంచే చెప్పొచ్చిన. పొద్దుగాల వండుమన్నోళ్ళే ఇప్పుడు వండొద్దంటే ఇనదు, కిటికీ గూడ మూసుకుంటది. మళ్ళ ఊరేగింపుకు వచ్చిండ్రనుకుంటది."

బాల్‌రాజ్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. "లాకప్ తియ్యి. మత్తయ్యకు ఫోనియ్యి." రిసీవర్ సుధాకర్ చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు."

"మత్తయ్యా! ఉరుకు. మీ పొయ్యిల తూటాలున్నయి. బిచ్చయ్య పెట్టిండు. రాహేలమ్మ అగ్గి పెట్టకముందే పోయి పిలువు, నీ గొంతయితేనే తలుపు తీస్తది."



"సారూ," అన్నాడు మత్తయ్య నింపాదిగా, "మీ పక్కన ఎంతమందున్నరు నవ్వనీకి?"

"పరాచికం కాదు మత్తయ్యా! మా అమ్మ తోడు!"

"ఠాణాలకెళ్ళి ఉరికితే దొంగ పారిపోతుండని ఎనకాల పడ్తరు. బజార్ల జనం నిలబడి సూస్తరు. ఒకసారి నడిసిన సారూ. ఉరుకుడు నాతోని గాదు."

సుధాకర్ రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా జనాన్ని నవ్వించిన గొంతు. నిజం చెప్పాల్సి వచ్చిన ఈ ఒక్కసారి దాన్ని నమ్మేవాడు లేడు.

"అది తూనీగ కాదు మత్తయ్యా. నువ్వు బజార్ల నిజం చెప్తుంటె నేను నవ్విన. తప్పు నాది. రేపు అదే బజార్ల, అదే లైటు నా నెత్తిన పెట్టుకొని నీ ఇంటిదాంక నడుస్త. నవ్వేటోళ్ళు నన్ను సూసి నవ్వుతరు. ఇప్పుడు మాత్రం... నీ కాల్మొక్త, ఉరుకు!"

స్టేషన్ మాస్టర్ తల తిప్పుకున్నాడు. రిసీవర్‌లో గరగర. తర్వాత ఏదో బల్లకు తగిలిన చప్పుడు, దూరమవుతున్న ఉత్త కాళ్ళ చప్పుడు.

"సాబ్, ఉరుకుతుండు!" హనుమంతు గొంతు. "గేటు దాటిండు, బజార్లకు పోయిండు..."

ఉన్నట్టుండి ఆ గొంతు సన్నబడింది.

"సాబ్. ఇక్కడి కిటికీలకెళ్ళి వాగు ఒడ్డు కనపడ్తది గద."

"ఏమైంది? చెప్పు!"

"మత్తయ్య ఇంటి కప్పు మీదికెళ్ళి పొగ లేస్తుంది."